చెయ్యెత్తిన పిల్ల

వీధి తలుపు పక్కన నీలం సూట్‌కేసు నిలబడి ఉంది!

రాత్రి భోజనాల దగ్గర కూతురు అన్న మాట కోపంలో అన్నదేలే, తెల్లారేసరికి చల్లబడుతుందిలే అని సరిపెట్టుకుంది లెక్కల టీచరు. "నేనింక మీ స్కూల్లో చదవను. అత్త వాళ్ళూరు వెళ్ళిపోతాను. అక్కడే చేరతాను..." అంతే అంది ఆ పిల్ల. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది! తెల్లారి చూస్తే అలమారాలో దాని బట్టల అర ఖాళీ. సూట్‌కేసు గడప దగ్గరికి వచ్చేసింది. యూనిఫారం మాత్రం మేకుకి వేలాడుతోంది, వదిలేసిన దానిలా.

బయట కుండపోతగా వాన. ఊరికి వచ్చే పెద్ద రోడ్డు నీళ్ళల్లో మునిగి మూసేశారు. రోడ్డు తెరవగానే కారు తీస్తానని ఆడపడుచు ఫోన్లో చెప్పిందట. అంటే ఈ వాన ఆగేదాకానే కూతురు ఈ ఇంట్లో ఉంటుంది... లెక్కల టీచరు కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్ళింది, ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి వచ్చింది. కిటికీ తెరిచి ఆకాశం చూసింది, జల్లు లోపలికి కొడుతుంటే మూసింది. మళ్ళీ తెరిచింది. ఆగకు తల్లీ, ఇంకా కురువు అని వానని బతిమాలుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా! తను అదే చేస్తోంది.

"ఆ కిటికీ రెక్కని ఊడదీసేదాకా వదలవా ఏంటి?" అన్నాడు భర్త, గొడుగు వెతుక్కుంటూ. ఆయన మందుల షాపులో పనిచేస్తాడు. వానైనా వరదైనా జనానికి జబ్బులు ఆగవు కాబట్టి ఆయనకి సెలవు లేదు.

"మీ అక్కయ్యకి రావద్దని ఒక్కమాట చెప్పొచ్చుగా అండీ!"

"చెప్పొచ్చు. రేపు ఇది తనంతట తానే బస్సెక్కి పోతే? అత్తతో వెళ్తే ఎక్కడుందో కనీసం తెలుస్తుంది." గొడుగు దొరికింది కానీ ఆయన కదల్లేదు. గొంతు తగ్గించి అడిగాడు, "ఇంతకీ ఎందుకు పోతానంటోందో నీకు తెలుసా?"

"నాకేం తెలుసు?" అంది ఆవిడ.

అబద్ధం! ఆ మాట నోట్లోంచి వస్తుండగానే చెవులు వేడెక్కాయి.

సిస్టర్లు నడిపే ఆ హైస్కూలుకి పిల్లల్ని మంచి కాలేజీలకు తయారు చేస్తుందని పెద్ద పేరు. పై క్లాసులకి అక్కడ లెక్కలు చెప్పేది ఈవిడొక్కతే. తన కూతురు తన క్లాసుకే రావడం తప్పనిసరి. వచ్చిన మొదటి సంవత్సరం, తల్లిదండ్రుల సమావేశంలో ఒకావిడ నవ్వుతూనే అంది, "టీచరుగారమ్మాయికి ఏం లోటండీ! ప్రశ్నలన్నీ ఇంట్లో పొయ్యి దగ్గరే తెలిసిపోతాయి కదా!" చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్విన ఆ మొహంతోనే ఇంటికొచ్చి, వంటింట్లో నిలబడి, ఇంకెప్పుడూ ఎవరి చేతా ఆ మాట అనిపించుకోనని తనకి తానే ఒట్టు పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో పాఠం మాటే ఎత్తలేదు. క్లాసులో కూతుర్ని పేరు పెట్టి పిలవలేదు. ప్రశ్న అడగలేదు. చెయ్యెత్తినా చూపు పక్క బెంచీ మీదికి జారిపోయేది. పేపరు దిద్దేటప్పుడు మిగతా పిల్లలకి పోనీలే అని వదిలేసే చిన్న చిన్న తప్పులకి కూతురి దగ్గర ఎర్ర సిరా పడేది. కూతురు కూడా అర్థం చేసుకుందనే అనుకుంది. తెలివైన పిల్ల కదా! ఎప్పట్నుంచో గుర్తులేదు కానీ, ఆ పిల్ల ఇంట్లో కూడా తనని 'మేడం' అనడం మొదలుపెట్టింది. మొదట్లో వేళాకోళం అనుకుని మురిసిపోయింది పిచ్చితల్లి!

ఇక మొన్నటి పరీక్ష... అందులో నీళ్ళ తొట్టి లెక్క ఒకటిచ్చింది. కాలేజీ ప్రవేశ పరీక్షల్లో తప్పక వచ్చే రకం. ఒక పంపు తొట్టిని మూడు గంటల్లో నింపుతుంది, రెండోది ఆరు గంటల్లో నింపుతుంది, రెండూ కలిసి ఎంతసేపట్లో నింపుతాయి? క్లాసులో చెప్పిన పద్ధతి వేరు. కూతురు తన దారిలో చేసింది. జవాబు సరైనదే! అయినా 'సమీకరణం ఏది?' అని రాసి సున్నా చుట్టింది. అలా సొంత దారిలో చేసిన ఇంకో పిల్లకి పోయిన పరీక్షలో తనే 'భేష్' అని రాసిన సంగతి అప్పుడు గుర్తు రాలేదు... కాదు. గుర్తొచ్చింది. గుర్తొచ్చే సున్నా చుట్టింది.

ఆ పేపరు చేతికి వచ్చిన రోజే కదా పిల్ల మాట పడిపోయింది!

*

స్కూల్లో కింది అంతస్తు గదుల్లోకి నీళ్ళొచ్చాయి కాబట్టి ఈ వారమంతా ఇంటి నుంచే చదువు అని సిస్టర్లు ప్రకటించారు. ఇంట్లో ఉన్నంత మాత్రాన ఏ పద్ధతీ సడలడానికి వీల్లేదు. యూనిఫారం వేసుకోవాలి. బ్యాడ్జీ పెట్టుకోవాలి. ఆఫీసు గుమాస్తా స్కూలు ఇత్తడి గంటని తన ఇంటికి తీసుకుపోయి, టైముకి కంప్యూటరు ముందు గణగణా వాయిస్తాడు. వాయించాక ఆయన భార్య "ఆ గోల ఆపండి, చంటిది లేస్తుంది!" అనడం కూడా స్కూలంతటికీ వినపడుతుంది.

ముందుగదిలో గోడకి తెల్లబోర్డు, దాని ముందు భోజనాల బల్ల, బల్ల మీద కంప్యూటరు. అదే ఆవిడ క్లాసు. పైన ఇస్త్రీ కోటు, కింద పాత పైజమా. నడుము పైదాకా టీచరు, నడుము కిందంతా ఇంటి మనిషి! లోపలి గదిలో మంచం మీద కూతురు. గదికి రెండో వైపు కుర్చీలో జపమాల పట్టుకుని అత్తగారు. మధ్యలో ఒకే ఒక్క గోడ. ఆవిడ పాఠం ఆ గదిలోకి రెండుసార్లు వెళ్తుంది. ఒకసారి గోడలోంచి, ఒక క్షణం ఆగి మళ్ళీ కంప్యూటర్లోంచి.

"నీ గొంతు రెండేసి సార్లు వినపడుతోందే అమ్మాయ్! ఒక్కసారి వినడానికే ఓపిక చాలదు" అని అత్తగారు మొదటిరోజే ఫిర్యాదు చేసింది.

గంట మోగింది. తెరమీద ఒక్కో పెట్టెలో ఒక్కో మొహం వెలిగింది. కూతురి పెట్టె కూడా వెలిగింది. మేకుకున్న యూనిఫారం తీసి వేసుకుందన్నమాట! ఆ మాత్రానికే తల్లి ప్రాణం లేచి వచ్చింది. మూలనున్న ఇంకో పెట్టెలో ప్రిన్సిపాలు, పెద్ద సిస్టర్ కళ్ళద్దాలు మెరిశాయి. ఈ వారం ఏ క్లాసులోకైనా వచ్చి కూర్చుంటానని ముందే చెప్పి ఉంది ఆవిడ.

ఆ స్కూల్లో మొదటి గంట ప్రార్థనతో మొదలవుతుంది. అందరూ సిలువ గుర్తు వేసుకున్నాక, ఒక్కొక్కరూ తాము ఎవరికోసం ప్రార్థిస్తున్నారో చెప్పాలి. టీచరు "ప్రార్థిద్దాం" అనాలి.

"మా తాతయ్య మోకాలి ఆపరేషన్ కోసం మేడం."

"ప్రార్థిద్దాం."

"స్కూల్లోకొచ్చిన నీళ్ళు తొందరగా పోవాలని మేడం" అంది క్లాసు లీడరు.

"ఇంకో వారం పోకూడదని మేడం!" అన్నాడు వెనకబెంచీ తుంటరి. ఇప్పుడు వెనకబెంచీ లేకపోయినా వాడు వెనకబెంచీయే. అందరూ కిసుక్కుమన్నారు. పెద్ద సిస్టర్ పెట్టెలో నవ్వు లేదు. లెక్కల టీచరు మాత్రం లోలోపల ఉలిక్కిపడింది... పొద్దుట్నుంచీ తను చేస్తున్న ప్రార్థనా అదే కదా!

కూతురి వంతు వచ్చింది.

"నాకెవరూ లేరు మేడం."

ప్రార్థనకి పేరేం లేదని చెప్పడానికే అలా అంది. అందరూ అలాగే విన్నారు. కానీ ఆ మాట గోడలోంచి ఒకసారి, తెరలోంచి మరోసారి వచ్చి, ఒకే చోట రెండుసార్లు గుచ్చుకుంది. "ప్రార్థిద్దాం" అనబోయి ఆగిపోయింది తల్లి. ఎవరికోసమని ప్రార్థించడం?

బోర్డు మీదికి తిరిగి కొత్త లెక్క రాసింది. వాన సన్నబడిందా? చప్పుడు తగ్గినట్టుందే...! చెవి కిటికీ మీద, కన్ను తెరమీద, నోరు పాఠం మీద. "ఎవరు చేస్తారు?" అంది. వెంటనే కూతురి పెట్టెలో చెయ్యెత్తిన బొమ్మ, పసుపుపచ్చది, వెలిగింది. అదొక్కటే. ఇంకెవరూ ఎత్తలేదు. ఇన్నాళ్ళ అలవాటు ఆ తల్లి చూపుని పట్టుకుని పక్కకి లాగేసింది. "క్లాసు లీడరు, నువ్వు చెప్పమ్మా."

"నాకు రాలేదు మేడం..."

"పోనీ, నువ్వు?"

"నాకూ రాలేదు మేడం."

పసుపు చెయ్యి అలాగే ఉంది. "సరే, నేనే చెప్తాను" అని బోర్డు వైపు తిరిగిందో లేదో, లోపలి గదిలో కుర్చీ కిర్రుమంది. చెప్పుల చప్పుడు. తలుపు ధడాల్న తెరుచుకుంది. "నాయనమ్మా, వద్దు! నాయనమ్మా!" అని కూతురి అరుపు, గోడలోంచి ఒకసారి, తెరలోంచి ఒకసారి! జపమాల మణికట్టుకి చుట్టుకుని అత్తగారు సరాసరి వచ్చి కెమెరా ముందు నిలబడింది.

"ఏమ్మాయ్! దాని చెయ్యి నీకు కనపడదా? ఇందాకట్నుంచీ చెయ్యెత్తుకుని కూర్చుంది పిల్ల! నాకు చత్వారం. నాకే కనపడుతోంది!"

"అత్తయ్యా... క్లాసు జరుగుతోంది అత్తయ్యా... దయచేసి లోపలికి వెళ్ళండి..."

"జరగనీ! నేనూ క్లాసు కోసమే వచ్చాను. ఏదీ, మీ పెద్ద సిస్టరెక్కడ? ఆవిడతోనే చెప్తాను."

"ఇక్కడే ఉన్నానమ్మా" అంది మూలనున్న పెట్టె. "చెప్పండి."

పిల్లలెవ్వరూ నవ్వలేదు. పెద్దావిడ వంగి కెమెరా కన్నులోకి చూస్తూ అంది, "నా కోడలు మంచిది సిస్టర్. మీకన్నా నాకన్నా మంచిది. మంచం పట్టినప్పుడు నాకు అన్నం తినిపించింది. ఇంకొకళ్ళు మాట అనకూడదని ప్రాణం పెట్టేస్తుంది. అందుకే ఊళ్ళో పిల్లలకి ఒకటికి పదిసార్లు చెప్తుంది, కన్నపిల్లని మాత్రం చూడదు. ఈ వారమే నాకు తెలిసింది, పక్కన కూర్చున్నాను కాబట్టి. రోజూ ఎత్తుతుంది. రోజూ దించుతుంది. దించేటప్పుడు దాని మొహం మీరు చూడాలి సిస్టర్... మీ ఎవరికీ కనపడదు, అప్పుడు కెమెరా ఆపేస్తుంది."

తెరమీద కూతురి పెట్టె నల్లబడిపోయింది.

లెక్కల టీచరుకి తల తీసేసినట్టయింది. ముప్పై ఇళ్ళల్లోకి తన ఇల్లు వెళ్ళిపోయింది! అయినా ఆ అవమానం కంటే ఆ నల్లటి పెట్టే ఎక్కువ కాల్చింది. రోజూ పాఠం మధ్యలో ఆ పెట్టె నల్లబడుతూనే ఉంది. సిగ్నల్ అందడం లేదనుకుంది. ఒకే ఇంట్లో, ఒకే గోడకి అవతల, ఒకే తీగ మీద నడిచే సిగ్నల్... తనకి అందినది దానికెందుకు అందదని ఒక్కసారైనా ఆలోచించిందా!

పాఠం ఎలా ముగించిందో ఆవిడకే తెలీదు. పిల్లలంతా వెళ్ళిపోయాక పెద్ద సిస్టర్ ఆగింది.

"క్షమించండి సిస్టర్. మా అత్తయ్య పెద్దావిడ..."

"మీ అత్తయ్యకి నేను థాంక్స్ చెప్పానని చెప్పండి." సిస్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "స్టాఫు మీటింగులో మిమ్మల్ని నేనే పొగిడాను, గుర్తుందా? సొంత కూతుర్నీ సమానంగా చూస్తారని. నేను చూసింది మార్కుల పట్టిక. క్లాసులోకి వచ్చి చూడలేదు. అది నా తప్పు. సమానమంటే అందరికీ ఇచ్చింది దానికీ ఇవ్వడం కదమ్మా! మీరు అందరికీ ఇచ్చి, దాని దగ్గర తీసుకున్నారు."

"వెళ్ళిపోతానంటోంది సిస్టర్..." ఇక ఆపుకోలేక చేతుల్లో మొహం దాచుకుంది.

"వెళ్తానంటే నేను ఆపను. ఆపమని మీరూ నన్ను అడక్కండి. సీటు మాత్రం దానిదే. ఎవరికీ ఇవ్వను." సిస్టర్ పెట్టె ఆరిపోయింది.

అప్పుడు వినపడింది ఆవిడకి... ఏమీ వినపడకపోవడం. వాన ఆగిపోయింది.

*

మధ్యాహ్నానికి రోడ్డు తెరిచారు. బయల్దేరానని ఆడపడుచు ఫోను. టీచరు లోపలి గది ముందు అటూ ఇటూ తిరిగి, తిరిగి, చివరికి తలుపు తట్టింది. కూతురు యూనిఫారం విప్పేసి మామూలు బట్టల్లో ఉంది. మడిచిన యూనిఫారం మంచం మీద.

"నీకోసం టీ తెచ్చాను..."

"వద్దు మేడం."

"ఇంట్లో మేడం ఏంటే!"

"మరేమనాలి? స్కూల్లో 'ఇక్కడ నేను మీ అమ్మను కాదు' అన్నారు. సరే అన్నాను. ఇంటికొస్తే లెక్క అడగొద్దన్నారు, పుస్తకం చూపించొద్దన్నారు, ఎవరైనా ఏమన్నా అనుకుంటారన్నారు. సరే అన్నాను. స్కూల్లోనూ మేడమే, ఇంట్లోనూ మేడమే... మరి అమ్మ ఎక్కడుంటుంది? చెప్పండి, వెళ్ళి అక్కడే కూర్చుంటాను!"

ఆ తల్లి టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసింది. ఇన్నేళ్ళు బోర్డు ముందు నిలబడి, ఏ పిల్ల ఏం అడిగినా ఠక్కున జవాబు చెప్పిన మనిషి... మంచం పట్టె మీద కూలబడింది.

"నిన్ను ఎవరూ ఒక్కమాట అనకూడదని చేశానే తల్లీ..."

"నన్ను కాదు. మిమ్మల్ని!"

ఎంత నిజం! చెంప మీద కొట్టినట్టుంది. "అవును" అంది తల్లి. "నన్నే. నన్నెవరూ అనకూడదని... నీ దగ్గర తీసుకున్నాను. ఆ తొట్టి లెక్క నువ్వు చేసింది సరిగ్గానే ఉంది. దిద్దేటప్పుడే తెలుసు నాకు. తెలిసే సున్నా పెట్టాను. నన్ను క్షమించు..."

కూతురి కళ్ళు నిండాయి. కానీ మొహం మాత్రం మెత్తబడలేదు. "తలుపు మూసి ఇక్కడ చెప్తే ఎవరికి తెలుస్తుంది? సున్నా అందరి ముందూ ఇచ్చారు. పేపర్లు పంచుతూ, సమీకరణం రాయనివాళ్ళకి నేనేం ఇస్తానో చూడండి అని నా పేపరు ఎత్తి చూపించారు. పేరు చెప్పలేదంతే. నా చేతిరాత తెలియనివాళ్ళు ఆ క్లాసులో ఎవరున్నారు?"

పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది. లోపలి కుర్చీలో అత్తగారు జపమాల తిప్పుతూనే ఉంది. పెదాలు మాత్రం కదలడం లేదు.

*

రోజు చివరి గంట సందేహాలు తీర్చుకునే గంట. వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు రారు. ఆ సాయంత్రం అందరూ వచ్చారు! పొద్దున్న జరిగినదాని తరువాయి ఏమవుతుందో చూడాలని ఎవరికుండదు? కూతురి పెట్టె మాత్రం లేదు. నల్లగా కూడా లేదు. అసలే లేదు.

లెక్కల టీచరు బోర్డంతా తుడిచేసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకుంది, తీసేసింది. "మొన్నటి పరీక్షలో తొట్టి లెక్క..." అని మొదలుపెట్టింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. "ఒక పేపరు ఎత్తి మీకు చూపించాను. అందులో లెక్క తప్పని చెప్పాను. తప్పు కాదు. చేసిన పద్ధతీ సరైనదే, జవాబూ సరైనదే. దిద్దిన మనిషిదే తప్పు. ఆ పేపరు మా అమ్మాయిదని మీ అందరికీ తెలుసు. మా అమ్మాయి కాబట్టే సున్నా వేశాను. ఇంకొకరు చేసి ఉంటే భేష్ అని రాసేదాన్ని... ఆ పద్ధతి మీకు నేను చెప్పను. అది నాది కాదు. చేసినవాళ్ళే చెప్పాలి. ఆ పిల్లకి ఇష్టమైతే..."

ఆగి, ఎదురుచూసింది. తెరలో మొహాలు కూడా ఎదురుచూశాయి. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. బయట చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. ఏదో కారు వీధి మలుపు తిరిగింది... అదేనా? కాదు, వెళ్ళిపోయింది. ఆవిడ కళ్ళు తెరలో కొత్త పెట్టె కోసం వెతుకుతున్నాయి. వెలగదు. వెలగదే! ఒక్కసారి, ఒక్కసారి ఆ పసుపు చెయ్యి కనపడితే...

"పెన్నివ్వండి."

పక్కన! భుజం పక్కనే! తెరలో వెతుకుతున్న తల్లికి, తలుపు తెరుచుకున్న చప్పుడే వినపడలేదు. కూతురు మళ్ళీ యూనిఫారం వేసుకుంది. తొందరలో బొత్తాలు ఒకటి దాటి ఒకటి పెట్టుకుంది. ఆవిడ చెయ్యి వాటిని సరిచేయడానికి లేచి, క్లాసు చూస్తోందని ఆగి... ఆగలేదు. సరిచేసింది. అందరి ముందే.

"మేడం, మీ ఇద్దరి తలలూ కనపడట్లేదు!" అన్నాడు వెనకబెంచీ తుంటరి. "బొత్తాలే కనపడుతున్నాయి."

కంప్యూటరు కిందికుంది. ఇద్దరూ నిలబడితే కెమెరాలో పట్టడం లేదు. ఒక మనిషి కుర్చీలో కూర్చుని చెప్పడానికి కుదిరిన ఎత్తు అది. కూతురు ఇటూ అటూ చూసింది. గబగబా తలుపు దగ్గరికి వెళ్ళి, నీలం సూట్‌కేసుని రెండు చేతులా ఎత్తుకొచ్చి, భోజనాల బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టింది. దానిమీద కంప్యూటరు పెట్టింది. తెరలో ఓ మూల చిన్న పెట్టె. అందులో తల్లీ కూతురూ, వెనక తెల్లబోర్డూ!

"మొదటి పంపు మూడు గంటల్లో నింపుతుంది, రెండోది ఆరు గంటల్లో" అని కూతురు బోర్డు మీద బొమ్మ గీసింది. "తొందరపడకుండా రెండిట్నీ ఆరు గంటలు వదిలేద్దాం. మొదటిది రెండు తొట్లు నింపుతుంది. రెండోది ఒక తొట్టి. ఆరు గంటల్లో మూడు తొట్లు. అంటే ఒక్క తొట్టికి రెండు గంటలు. అంతే."

"కానీ తొట్టి ఒక్కటే కదా ఉంది?" అంది క్లాసు లీడరు. "మూడెక్కడివి?"

"నిండగానే తీసేసి ఇంకోటి పెట్టామనుకో. పంపులకేం తెలుస్తుంది?"

"ఓస్, ఇంతేనా!" అంది గుమ్మంలోంచి నాయనమ్మ. "ఇది నాకే అర్థమైంది. ఆ సమీకరణమో ఏదో మీ అమ్మ చెప్పింది రెండుసార్లు విన్నా ఎక్కలేదు!"

తెరనిండా నవ్వులు. కూతురు నవ్వలేదు, కానీ పెదవి చివర కొంచెం వంగింది. "మేడం, సరిగ్గా చెప్పానా?" అని తల్లి వైపు తిరిగింది.

"ఒక ప్రశ్న" అంది తల్లి. కూతుర్ని ఆవిడ క్లాసులో అడిగిన మొదటి ప్రశ్న అది! "మూడు పంపులుంటే? మూడోది తొట్టిని ఖాళీ చేసేదైతే?"

కూతురు పెన్ను గడ్డానికి ఆనించుకుని ఆలోచించసాగింది. సరిగ్గా అప్పుడే వీధిలో కారు హారను. ఆ చప్పుడుకి తల్లి తల వీధి తలుపు వైపు తిరిగింది. కూతురు కూడా విన్నది. పెన్ను బోర్డు మీద ఒక్కక్షణం ఆగింది... మళ్ళీ కదిలింది. గుమాస్తా గంట మోగేదాకా అది కదులుతూనే ఉంది.

ముగింపు ప్రార్థన. పొద్దుటిలాగే ఒక్కొక్కరూ ఒక్కో పేరు. కూతురి వంతు వచ్చింది. పక్కన నిలబడ్డ మనిషి వైపు చూడకుండా, కెమెరా వైపే చూస్తూ అంది, "మా మేడం కోసం. ఇంట్లో ఆవిడకి అస్సలు మనశ్శాంతి లేదు. వాళ్ళమ్మాయి మాట వినదు."

"ప్రార్థిద్దాం" అనాల్సిన టీచరు కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడ బదులు క్లాసంతా అంది.

ఆడపడుచు లోపలికి అడుగుపెట్టింది. చేతిలో కారు తాళాలు, కాళ్ళ నిండా బురద. గదంతా చూసింది. "ఏమే పిల్లా, సర్దుకున్నావా? చీకటి పడకముందే పోవాలి. సూట్‌కేసేదీ?" అంటూ బల్ల వైపు చెయ్యి చాచింది.

"ఏయ్, దాన్ని ముట్టుకోకు!" పెద్దావిడ గదమాయించింది, తన కన్నకూతుర్నైనా సరే. "దానిమీద క్లాసు జరుగుతోంది."

"అయిపోయింది కదే అమ్మా, గంట నేనూ విన్నాను!"

"అయిపోలేదు అత్తా" అంది పిల్ల, వెనక్కి తిరగకుండానే. బోర్డు మీద మూడో పంపు లెక్క ఇంకా సగంలోనే ఉంది. "నువ్వు కూర్చో. ఇది తేలాక చెప్తాను. వెళ్ళాలో వద్దో కూడా అప్పుడే చెప్తాను." ఒక అడుగు పక్కకి జరిగి, బోర్డు ముందు తల్లికి చోటిచ్చింది. "అమ్మా, ఇక్కడ చూడు... నీళ్ళు పోతున్నప్పుడు దీన్ని కలపాలా, తీసెయ్యాలా?"